రిమ్ము వదిలేసిన చిన్న ట్యూబ్‌లెస్ టైరుని మళ్లీ కూర్చోబెట్టడం ఎలా

నెలల తరబడి షెడ్డులో కదలకుండా ఉన్న గడ్డి కోసే మెషిన్ని బయటికి తీస్తే ఒక టైరు చతికిలబడి కనిపిస్తుంది. గాలి దిగిపోయి ఉంటుందిలే అని పంపు తగిలించి కొడతాం. పంపు పని చేస్తూనే ఉంటుంది, వాల్వులోంచి గాలి లోపలికి పోతున్న చప్పుడూ వినిపిస్తుంది, కానీ టైరు మాత్రం ఉన్నచోట నుంచి లేవదు. టైరుకీ రిమ్ముకీ మధ్య చెయ్యి పెట్టి చూస్తే గాలి చల్లగా తగులుతుంది, అంటే కొట్టిన గాలి కొట్టినట్టే బయటికి వచ్చేస్తోంది. అది పంక్చర్ కాదు, టైరు రిమ్ముని వదిలేసింది అంతే.

మొదటిసారి నాకు ఇలా అయినప్పుడు పావుగంట సేపు ఫుట్ పంపు తొక్కాను. ఇంకా పెద్ద పంపు కావాలేమో, ఇంకా ప్రెషర్ పెంచాలేమో అనుకున్నాను. అసలు కావలసింది ప్రెషర్ కాదని, గాలి పారిపోయే సందుని ముందు మూయాలని తెలియడానికి నాకు చాలా టైరులు పట్టాయి. ఆ సందు మూయగలిగితే చిన్న పంపుతో కూడా పని అయిపోతుంది. మూయలేకపోతే ఎంత పెద్ద కంప్రెసర్ తెచ్చినా టైరు లేవకపోవచ్చు. కింద రాసినదంతా ఆ సందు గురించే.

కూర్చుని నడిపే గడ్డి మెషిన్, దాని వెనకాల తగిలించే చిన్న ట్రాలీ, ఒంటి చక్రపు వీల్‌బారో, సామాన్లు మోసే రెండు చక్రాల హ్యాండ్ ట్రాలీ, వీటన్నిటికీ దాదాపు ఒకటే పద్ధతి. మీ టైరు ట్యూబ్‌లెస్ అవునో కాదో ముందు చూసుకోండి. చాలా టైర్ల పక్క గోడ మీద ట్యూబ్‌లెస్ అని అచ్చు వేసి ఉంటుంది. వాల్వు మొదట్లో లావుగా ఉన్న రబ్బరు భాగం రిమ్ము రంధ్రంలో గట్టిగా బిగుసుకుని ఉంటే ట్యూబ్‌లెస్ అనుకోవచ్చు. వాల్వు అటూ ఇటూ వదులుగా ఊగుతుంటే లోపల ట్యూబ్ ఉందన్నమాట, అలాంటి టైరుకి ఈ గొడవంతా అక్కర్లేదు, ట్యూబ్ పంక్చర్ చూసుకుంటే చాలు.

అసలు ఎందుకు వదిలేస్తుంది

ట్యూబ్‌లెస్ టైరు లోపలి అంచుని బీడ్ అంటారు. దాని లోపల ఉక్కు తీగ చుట్ట ఉంటుంది, పైన రబ్బరు తొడుగు. రిమ్ముకి రెండు వైపులా ఈ బీడ్ కూర్చునే మెట్టు లాంటిది ఉంటుంది, బయట పక్క పెదవిలా పైకి లేచిన అంచు ఉంటుంది. లోపలి గాలి రెండు బీడ్లనీ బయటికి నెట్టి ఆ పెదవికి అదిమి పెడుతుంది కాబట్టే గాలి నిలబడుతుంది. గాలే తలుపు మూస్తుంది, ఆ మూసిన తలుపే గాలిని ఆపుతుంది. గాలి బాగా తగ్గిపోతే అదిమే బలం పోతుంది, అప్పుడు మెషిన్ బరువుకి పక్క గోడ మడతపడి బీడ్ లోపలికి జారిపోతుంది. వాలుగా ఉన్న నేల మీద పక్కకి తిప్పినా, గట్టుకి గుద్దుకున్నా ఇంతే.

కారు టైరు కంటే ఈ చిన్న టైర్లకి ఇది ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే వీటిలో ఉండే గాలే చాలా తక్కువ. గడ్డి మెషిన్ వెనక టైరుకి 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని గాలి ఒత్తిడిని చెప్పే కొలత) చుట్టుపక్కల, ముందు టైరుకి 12 నుంచి 14 వరకు చెప్పేవి చాలా ఉన్నాయి. ఇంత తక్కువలో రెండు మూడు పీఎస్ఐ పోయినా పెద్ద నష్టమే. చలి కూడా గాలిని తగ్గిస్తుంది. 35 డిగ్రీల ఎండలో 10 పీఎస్ఐ కొట్టిన టైరు, ఒక్క చుక్క గాలి కారకపోయినా, వాతావరణం 5 డిగ్రీలకి పడిపోతే ఏడున్నర దగ్గరికి వచ్చేస్తుంది. దానికి తోడు కొద్దికొద్దిగా కారే లీకు ఉంటే, నాలుగు నెలలు నిలబెట్టిన తర్వాత ఏం మిగులుతుందో మీరే ఊహించుకోండి.

మొదట టైరు బాగుందో లేదో చూడండి

గాలి లేని టైరు మీద మెషిన్ని నడపకండి. షెడ్డులోంచి ముందు గదిలోకి తేవడానికైనా సరే. రిమ్ము అంచు పక్క గోడని నలిపేస్తుంది, తర్వాత దాన్ని ఏం చేసినా లాభం ఉండదు. తప్పనిసరిగా కదపాలంటే ఆ మూల ఎత్తి పట్టుకుని నెట్టండి.

టైరుని చుట్టూ తడిమి చూడండి. పక్క గోడ మీద సన్నని వెంట్రుక గీతల్లాంటి పగుళ్లు ఉంటే పాత టైరు అని అర్థం, అయినా కొంతకాలం పని చేస్తుంది. వేలితో వంచినప్పుడు పగులు తెరుచుకుని లోపలి దారాలు కనిపిస్తే మాత్రం ఆ టైరు జోలికి పోకండి. బీడ్ దగ్గర రబ్బరు చిరిగి తీగ బయటపడినా అంతే. టైరు లోపల వేలు పెట్టి తిప్పితే నల్లటి రబ్బరు పొడి చేతికి అంటుకుంటే, గాలి లేకుండా ఎవరో నడిపారని లెక్క, లోపలి గోడ అరిగిపోయింది. ఇలాంటి వాటికి గాలి ఎక్కించడం ప్రమాదం, కొత్త టైరు తెచ్చుకోవడమే మంచిది.

కొత్తది కొనాల్సి వస్తే పక్క గోడ మీద ఉన్న అంకెలు రాసుకోండి. 15x6.00-6 అని ఉంటే టైరు మొత్తం ఎత్తు 15 అంగుళాలు, వెడల్పు 6, రిమ్ము వ్యాసం 6 అంగుళాలు. వీల్‌బారోలకి ఎక్కువగా కనిపించే 4.80/4.00-8 లో చివరి 8 రిమ్ము కొలత. చివరి అంకె కలవకపోతే ఏ టైరూ కూర్చోదు.

చక్రం విప్పాలా వద్దా

బీడ్ ఒక పక్కే జారి ఉంటే, రిమ్ము శుభ్రంగానే ఉంటే, చక్రం విప్పకుండా కూడా చేసేయొచ్చు. ఆ మూలని జాకీతో లేపి టైరు మీద బరువు లేకుండా చేస్తే చాలు. కానీ నిజం చెప్పాలంటే నేను దాదాపు ప్రతిసారీ విప్పుతాను, ఎందుకంటే లోపలి వైపు బీడ్ దగ్గర ఏం పేరుకుందో మెషిన్ కింద పడుకుని చూడటం కంటే చక్రాన్ని బల్ల మీద పెట్టుకుని చూడటం తేలిక.

లేపే ముందు ఇంజిన్ ఆపి, తాళం తీసి, స్పార్క్ ప్లగ్ వైరు పీకేయండి, బ్యాటరీతో నడిచేదైతే బ్యాటరీ తీసేయండి. మిగతా చక్రాలకి రాయో చెక్కో అడ్డం పెట్టండి. జాకీని నమ్ముకుని దాని మీదే వదిలేయకండి, కింద గట్టి చెక్క దిమ్మ పెట్టి మెషిన్ దాని మీద ఆనేలా చూడండి. చాలా గడ్డి మెషిన్లలో చక్రం నట్లతో ఉండదు, ఇరుసు చివర ఒక క్లిప్పు ఉంటుంది. ప్లాస్టిక్ మూత తీసి, స్క్రూడ్రైవర్‌తో క్లిప్పుని పక్కకి నెడితే ఊడి వస్తుంది. అది ఎగిరి గడ్డిలో పడితే దొరకదు, కాబట్టి రెండో చెయ్యి అడ్డం పెట్టండి. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. వెనక చక్రమైతే ఇరుసు గాడిలో చిన్న ఇనుప ముక్క, కీ అంటారు, అది ఉంటుంది. చక్రం లాగేటప్పుడు అది జారి పడిపోతుంది, అది లేకుండా బిగిస్తే ఇరుసు తిరుగుతుంది కానీ చక్రం తిరగదు. ఎలాగూ విప్పారు కాబట్టి తిరిగి బిగించేటప్పుడు ఇరుసుకి కాస్త గ్రీజు పూయండి.

శుభ్రం చేయడంలోనే సగం పని ఉంది

ఈ భాగం దాటేసి నేరుగా గాలి కొట్టేద్దామని అందరికీ అనిపిస్తుంది. అలా చేసిన టైరు ఒకవేళ కూర్చున్నా వారం తిరక్కుండా మళ్లీ దిగిపోతుంది. నా దగ్గర పదే పదే దిగిపోయిన టైర్లలో ఎక్కువ వాటికి కారణం రిమ్ము మీద పేరుకున్న మురికి, తుప్పు.

వాల్వు పిన్ను (వాల్వు లోపల మరతో బిగించి ఉండే, గాలిని ఆపే చిన్న ముక్క) తీసేసి లోపల ఒక్క చుక్క గాలి కూడా లేదని నిర్ధారించుకుని, రెండు పక్కలా బీడ్‌ని రిమ్ము మధ్యలోకి నెట్టండి. ఒక పక్క ఇంకా అతుక్కునే ఉంటే పక్క గోడ మీద, రిమ్ముకి దగ్గరగా, మోకాలితో బరువు వేయండి, లేదా ఒక చెక్క ముక్క పెట్టి దాని మీద నిలబడండి. స్క్రూడ్రైవర్ మొన పెట్టి పొడవకండి, బీడ్ రబ్బరుకి గాటు పడితే ఆ గాటే కొత్త లీకు.

ఇప్పుడు టైరుని ఒక పక్కకి లాగి పట్టుకుని రిమ్ము మెట్టు మొత్తం చుట్టూ చూడండి. ఎండిపోయిన గడ్డి, మట్టి, పాత రబ్బరు తునకలు, పెయింట్ పొరలు లేచిపోయిన చోట్లు కనిపిస్తాయి. వైర్ బ్రష్‌తో గీకండి, తర్వాత గరుకు కాగితంతో నున్నగా అయ్యేదాకా రుద్దండి. వేలు పెట్టి తిప్పితే ఎక్కడా తట్టుకోకూడదు. తుప్పు బాగా తిన్నట్టయితే టైరుని పూర్తిగా విప్పి, రుద్ది, పెయింట్ వేసి, అది పూర్తిగా ఆరాక మళ్లీ ఎక్కించడం ఉత్తమం. పచ్చి పెయింట్ మీద టైరు ఎక్కిస్తే అది బీడ్‌కి అంటుకుని మళ్లీ పొరలుగా లేస్తుంది. రిమ్ము అంచు ఎక్కడైనా సొట్ట పోయి ఉంటే చిన్న సుత్తితో, వెనకాల చెక్క ఆనించి, మెల్లగా సరిచేయండి. ఇవి పల్చటి రేకు రిమ్ములు, గట్టిగా కొడితే ఇంకో చోట వంగుతాయి.

టైరు బీడ్‌ని కూడా తడి గుడ్డతో తుడవండి. రబ్బరు మీద అంటుకున్న తుప్పు పొడి పోవాలి.

వాల్వుని ఈ లోపే చూసుకోండి. దాని మొదలు దగ్గర పక్కకి వంచితే పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. చిన్న రిమ్ముల్లో ఎక్కువగా ఉండే రంధ్రం 11.5 మిల్లీమీటర్లది, దానికి టీఆర్ 412 అనే పొట్టి వాల్వు గానీ టీఆర్ 413 అనే కాస్త పొడవుది గానీ సరిపోతుంది. టైరు రిమ్ము మీద వదులుగా ఉన్న ఇప్పుడు ఇది చాలా చిన్న పని. పాతది కోసేసి, కొత్తదానికి సబ్బు నీళ్లు రాసి లోపల నుంచి దూర్చి, బయట నుంచి లాగితే టక్కున కూర్చుంటుంది. టైరు అంతా అయ్యాక వాల్వు కారుతోందని తెలిస్తే మొదటి నుంచి మొదలుపెట్టాలి.

సబ్బు నీళ్లు, బెల్టు

గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు కొంచెం, నీళ్లు ఎక్కువ, చిక్కటి నురగ వచ్చేలా కలపండి. రెండు బీడ్ల మీద, రిమ్ము మెట్ల మీద బ్రష్‌తో ధారాళంగా రాయండి. సబ్బు రెండు పనులు చేస్తుంది. బీడ్ జారుతూ మెట్టు ఎక్కడానికి సాయపడుతుంది, ఇంకా సన్నని సందుల్ని నురగతో కొంతసేపు మూసి పెడుతుంది. నూనె, గ్రీజు, డీజిల్ లాంటివి వాడకండి. అవి రబ్బరుని ఉబ్బిస్తాయి, పైగా ఎండవు కాబట్టి తర్వాత రిమ్ము మీద టైరు జారి తిరిగిపోతుంది.

ఇప్పుడు ఆ సందు. టైరు చాలాకాలం నలిగి పడి ఉంటే దాని రెండు బీడ్లూ ఒకదానికొకటి దగ్గరగా ముడుచుకుపోయి ఉంటాయి, రిమ్ము పెదవుల దగ్గరికి చేరవు. వాటిని దూరం జరపడానికి నేను వాడేది సామాన్లు కట్టే రాచెట్ బెల్టు. టైరు నేలకి తగిలే భాగం ఉంది చూడండి, దాని చుట్టూ, సరిగ్గా మధ్యలో, బెల్టు చుట్టి బిగించండి. మధ్య భాగం లోపలికి నొక్కుకుపోతుంటే పక్క గోడలు బయటికి పొంగుతాయి, వాటితోపాటు బీడ్లు రిమ్ము పెదవుల వైపు జరుగుతాయి. ఒక్కసారిగా బిగించేయకుండా, రెండు మూడు క్లిక్కులు వేసి, చక్రాన్ని తిప్పి రెండు పక్కలా సందు ఎక్కడ మిగిలిందో చూసి, అక్కడ టైరు మీద చేత్తో చరిచి, మళ్లీ రెండు క్లిక్కులు. బెల్టు పక్కకి జారి వంకరగా బిగుసుకుంటే ఒక పక్క బీడ్ మాత్రమే జరుగుతుంది, అలా అయితే విప్పి మళ్లీ మధ్యలో పెట్టుకోండి. బెల్టుని బిగించే రాచెట్ పిడి ఉన్న చోట టైరు సరిగా నొక్కుకోదు, కాబట్టి ఎక్కడ సందు తక్కువగా ఉందో అక్కడ రాచెట్ వచ్చేలా చూసుకోండి.

బెల్టు లేదా? గట్టి తాడు రెండు చుట్లు చుట్టి ముడి వేసి, ఆ తాడు కింద ఒక పొట్టి కర్ర దూర్చి మెలి తిప్పండి. మెలి తిప్పిన కొద్దీ బిగుసుకుంటుంది. కర్రని వదిలేస్తే ఒక్కసారిగా వెనక్కి తిరిగి చేతి మీదో మొహం మీదో కొడుతుంది కాబట్టి తిప్పాక కర్రని పక్క తాడుకి కట్టేయండి. వీల్‌బారో టైరు లాంటి సన్నని, గుండ్రటి టైర్లకి బెల్టు కంటే తాడే బాగా పట్టు ఇస్తుందని నా అనుభవం.

మరీ ముడుచుకుపోయిన టైరుకి ఇంకో పని చేయండి. రెండు బీడ్ల మధ్య చెక్క ముక్కలు అడ్డంగా దూర్చి, వాటిని వెడల్పు చేసి, ఒక పూట ఎండలో పెట్టండి. వేడికి రబ్బరు మెత్తబడి, విప్పారిన ఆకారం కొంత నిలుస్తుంది. ఎండ చాలు, మంట దగ్గర పెట్టకండి.

గాలి

వాల్వు పిన్ను తీసే ఉంచండి. ఇది చాలామంది వదిలేసే విషయం. పిన్ను ఉంటే గాలి దాని చుట్టూ సన్నని దారిలోంచి దూరాలి, పిన్ను లేకపోతే అదే పంపు నుంచి చాలా ఎక్కువ గాలి ఒక్కసారిగా లోపలికి పడుతుంది. ఈ దశలో కావలసింది ఎక్కువ ప్రెషర్ కాదు, కారే దానికంటే వేగంగా నిండడం.

ట్యాంకు ఉన్న కంప్రెసర్ అయితే మంచిది, ట్యాంకులో ముందే నింపుకున్న గాలి ఒకేసారి వస్తుంది. కారు సాకెట్‌కి తగిలించే చిన్న పంపులు, ఫుట్ పంపులు నెమ్మదిగా ఇస్తాయి కాబట్టి వాటితో చేసేటప్పుడు బెల్టు, సబ్బు పని మరింత జాగ్రత్తగా చేయాలి. సందు నిజంగా మూసుకుంటే వాటితో కూడా కూర్చుంటుంది, నేను చాలాసార్లు చేశాను.

వాల్వుకి దానంతట అదే పట్టుకుని ఉండే క్లిప్పు ఉన్న పైపు వాడండి, అది ఎంత పొడవుంటే అంత మంచిది. చక్రానికి ఎదురుగా వంగి, వేళ్లు బీడ్ దగ్గర పెట్టి నొక్కుతూ గాలి కొట్టకండి. బీడ్ మెట్టు ఎక్కే క్షణంలో మధ్యలో వేలు ఉంటే నలిగిపోతుంది. ఈ మాట ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, ఒక లెక్క చూడండి. 15 అంగుళాల టైరు, 6 అంగుళాల రిమ్ము, ఒక పక్క గోడ విస్తీర్ణం దాదాపు 148 చదరపు అంగుళాలు. అందులో 30 పీఎస్ఐ గాలి ఉంటే ఆ ఒక్క గోడ మీద తోపు 4,400 పౌండ్లు దాటుతుంది, అంటే దాదాపు రెండు టన్నులు. చూడటానికి బొమ్మ చక్రంలా ఉన్నా లోపలి బలం చిన్నది కాదు. పక్కకి జరిగి, టైరు నేలకి తగిలే భాగం వైపు నిలబడండి, కళ్లజోడు పెట్టుకోండి.

గాలి వదలగానే మొదట అన్ని పక్కల నుంచి సబ్బు నురగ చిమ్ముతుంది. రెండు మూడు క్షణాల్లో ఆ చిమ్మడం తగ్గి, శబ్దం మారి, టైరు మెల్లగా పొంగడం మొదలవుతుంది. పట్టు దొరికింది. వెంటనే గాలి ఆపి బెల్టు వదులు చేయండి. బెల్టు అలాగే ఉంచి గాలి కొడుతూ పోతే టైరు పొంగే కొద్దీ అది మరీ బిగుసుకుని రాచెట్ తెరుచుకోదు, పైగా మధ్య భాగం నొక్కుకుని ఉంటే బీడ్లు సమంగా ఎక్కవు. గాలి ఆపినప్పుడు క్లిప్పు వాల్వుకే ఉంచండి, అది తీస్తే పిన్ను లేని వాల్వులోంచి గాలంతా పోతుంది. బెల్టు తీసేసి మళ్లీ కొట్టండి. టప్ అని ఒకసారి, కాసేపటికి మళ్లీ టప్ అని, రెండు బీడ్లూ మెట్టు ఎక్కిన చప్పుడు వస్తుంది. కొన్నిసార్లు చప్పుడు లేకుండానే ఎక్కేస్తాయి, అదీ మంచిదే.

పక్క గోడ మీద రాసిన గరిష్ఠ పీఎస్ఐని దాటకండి. కొన్ని టైర్ల మీద బీడ్ కూర్చోబెట్టడానికి దాటకూడని అంకె వేరేగా రాసి ఉంటుంది, అది ఉంటే అదే హద్దు. ఆ హద్దు దగ్గరికి వచ్చినా బీడ్ ఎక్కకపోతే గాలి మొత్తం వదిలేసి, మళ్లీ సబ్బు రాసి, చక్రాన్ని నేల మీద రెండు మూడు సార్లు ఎగరేసి, మొదటి నుంచి చేయండి. ఇంకో ఐదు పీఎస్ఐ కొడితే ఎక్కేస్తుందిలే అన్న ఆలోచన దగ్గరే రిమ్ములు చీలిపోయేది. పెద్ద కంప్రెసర్లకి ఇంత చిన్న టైరుని హద్దు దాటించడానికి కొద్ది సెకన్లు చాలు, కాబట్టి రెగ్యులేటర్‌ని ముందే ఆ హద్దుకి లోపల పెట్టుకోండి.

బెల్టుతో కాకపోతే

చక్రాన్ని నేల మీద పడుకోబెడితే టైరు నేల మీద ఆగుతుంది, రిమ్ము లోపల కిందికి జారుతుంది. అప్పుడు పై అంచు మూసుకుంటుంది, కింది అంచు దగ్గర సందు మిగులుతుంది, అది కనిపించదు కూడా. దానికి బదులు ఒక బకెట్‌ని గానీ డబ్బాని గానీ నిలబెట్టి, దాని మూతి మీద రిమ్ము మాత్రమే ఆనేలా చక్రాన్ని పడుకోబెట్టండి. టైరు తన బరువుకి తానే కిందికి జారి, కింది బీడ్ రిమ్ము పెదవి మీద కూర్చుంటుంది. ఇక మిగిలింది పై సందు ఒకటే, అదీ మీ కళ్ల ముందే ఉంటుంది. టైరుని బయటి అంచు పట్టుకుని, వేళ్లు రిమ్ముకి దూరంగా ఉంచి, పైకి లాగుతూ ఇంకొకరిని గాలి వదలమనండి. ఇది ఇద్దరు చేసే పని.

రిమ్ము కాస్త పెద్దదైతే పాత సైకిల్ ట్యూబ్ ఒకటి పనికొస్తుంది. పై బీడ్‌కీ రిమ్ము పెదవికీ మధ్య ఆ ట్యూబ్‌ని చుట్టూ పెట్టి, సబ్బు బాగా రాసి, దానికి కొంచెం గాలి కొట్టండి. అది వాషర్‌లా సందుని మూసేస్తుంది. టైరులోకి గాలి వదలగానే టైరు పొంగి బీడ్ పైకి వస్తూ ట్యూబ్‌ని బయటికి తోసేస్తుంది. మధ్యలో ఇరుక్కుంటే గాలి ఆపి, వదిలేసి, ట్యూబ్‌కి ఇంకా సబ్బు రాసి మళ్లీ చేయండి. 6 అంగుళాల రిమ్ములకి సైకిల్ ట్యూబ్ వదులైపోతుంది కాబట్టి అక్కడ బకెట్, బెల్టు కలిపి వాడటమే నయం.

వీడియోల్లో మండే ద్రవం చిమ్మి, అగ్గిపుల్ల గీసి, ఢాం అనిపించి టైరు ఎక్కించడం చూసే ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ పేలుడు ఎంత ప్రెషర్ పుట్టిస్తుందో మీ చేతిలో ఉండదు, రేకు రిమ్ము చీలి మొహం మీదికి రావచ్చు, టైరు లోపల మంట మిగిలిపోవచ్చు, పెట్రోల్ ట్యాంకు ఉన్న మెషిన్ పక్కన ఇది చేయడం అంటే నాకు ఊహించుకుంటేనే టెన్షన్. సబ్బు, బెల్టు, ఓపికతో కూర్చోని టైరుకి ట్యూబ్ వేసే దారి ఉండనే ఉంది.

కూర్చున్నాక

క్లిప్పు తీయగానే గాలి బుస్సుమని పోతుంది, కంగారు పడకండి. మెట్టు ఎక్కిన బీడ్ గాలి పోయినా మామూలుగా అక్కడే ఉంటుంది. పిన్ను బిగించి (వేలి బలం చాలు, పిన్ను టూల్‌తో గట్టిగా తిప్పితే లోపలి సీలు నలుగుతుంది) మళ్లీ గాలి కొట్టండి. పక్క గోడ మీద రిమ్ముకి దగ్గరగా సన్నని గీత ఒకటి చుట్టూ అచ్చు వేసి ఉంటుంది. ఆ గీతకీ రిమ్ము అంచుకీ మధ్య దూరం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒక చోట గీత లోపలికి మాయమైపోతుంటే అక్కడ బీడ్ ఇంకా ఎక్కలేదు. గాలి వదిలి, ఆ చోట సబ్బు రాసి మళ్లీ కొట్టాలి. వెనక వైపు కూడా తిప్పి చూడండి, ముందు వైపు చూసి తృప్తి పడిపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

తర్వాత మెషిన్ పుస్తకంలో చెప్పిన ప్రెషర్‌కి దించండి. టైరు మీద ఉన్న అంకె గరిష్ఠ హద్దు, అది రోజూ నడిపే ప్రెషర్ కాదు. గడ్డి మెషిన్‌లో హద్దు దాకా నింపి వదిలేస్తే టైరు గట్టిగా అయిపోయి నేల మీద పట్టు తగ్గుతుంది, కూర్చున్నవాళ్లకి నడుము అదురుతుంది. వీల్‌బారో, హ్యాండ్ ట్రాలీ లాంటివి చిన్న టైరు మీద ఎక్కువ బరువు మోస్తాయి కాబట్టి 30 పీఎస్ఐ దాకా కావలసినవి ఉంటాయి. 100 దాకా చూపించే కారు గేజ్‌తో 10 పీఎస్ఐ కొలిస్తే ముల్లు ఇంకా కదలడం మొదలుపెట్టే చోటే ఉంటుంది. 20 లేదా 30 వరకే చూపించే గేజ్ ఒకటి పెట్టుకోండి.

గడ్డి మెషిన్ అయితే ఎడమ, కుడి టైర్లు రెండూ సమానంగా ఉండాలి. ఒక పక్క తక్కువైతే బ్లేడు ఉన్న డెక్ ఆ పక్కకి వాలి, గడ్డి ఒక వైపు పొట్టిగా, ఇంకో వైపు పొడుగ్గా మెట్లు మెట్లుగా కోస్తుంది. బ్లేడు పదును పెట్టించి, డెక్ స్క్రూలన్నీ తిప్పి చూశాక, చివరికి టైర్లో రెండు పీఎస్ఐ తేడా ఉందని తేలిన సందర్భాలు నాకు తెలుసు.

బిగించే ముందు సబ్బు నీళ్లు మళ్లీ చుట్టూ పోయండి. బీడ్ దగ్గర, వాల్వు మొదట్లో, పిన్ను మీద, టైరు గాడుల్లో, ఇంకా రిమ్ము వెల్డింగు గీత మీద. ఈ చివరిది ఎవరూ చూడరు, కానీ రెండు రేకులు అతికించిన రిమ్ముల్లో ఆ అతుకులో సూది మొనంత రంధ్రం ఉంటే టైరు ఎంత బాగా కూర్చున్నా రెండు రోజుల్లో దిగిపోతుంది. పెద్ద బుడగలు వెంటనే కనిపిస్తాయి. చిన్న లీకు తెల్లటి నురగ ముద్దలా మెల్లగా పేరుకుంటుంది, అందుకని ఐదు నిమిషాలు ఆగి చూడండి. అయ్యాక మంచి నీళ్లతో కడిగేయండి, సబ్బు ఎండి రిమ్ము మీద ఉంటే తుప్పుకి సాయం చేస్తుంది.

బీడ్ దగ్గర సన్నగా మాత్రమే కారుతుంటే బీడ్ సీలర్ అనే నల్లటి జిగురు ఉంటుంది, టైరుని వదులు చేసి రిమ్ము మెట్టు మీద పల్చగా పూసి మళ్లీ కూర్చోబెడితే ఆగుతుంది. ముళ్లు గుచ్చుకుని చాలా చోట్ల కారే టైరుకి వాల్వులోంచి పోసే సీలెంట్ నయం. పోశాక చక్రాన్ని తిప్పాలి, లేకపోతే అంతా అడుగున చేరి కూర్చుంటుంది. సీలెంట్ బీడ్‌ని కూర్చోబెట్టదు, కూర్చున్న తర్వాత మాత్రమే పని చేస్తుంది.

రిమ్ము తుప్పుతో గుంటలు పడిపోయి, రెండు మూడు సార్లు చేసినా గాలి ఆగకపోతే సరైన కొలత ట్యూబ్ వేసేయండి. పాత ట్యూబ్‌లెస్ వాల్వు తీసేసి, టైరు లోపల అంతా చెయ్యి పెట్టి ముల్లు గానీ మేకు గానీ ఉందేమో వెతికి, కాస్త టాల్కమ్ పొడి చల్లి ఎక్కించాలి.

ఇంకొక్క విషయం, ఇది ప్రాణాలకి సంబంధించింది. కొన్ని చిన్న చక్రాల రిమ్ము రెండు సగాలుగా ఉండి మధ్యలో బోల్టులతో బిగించి ఉంటుంది. అలాంటి దాంట్లో గాలి ఉండగా ఆ బోల్టులు విప్పితే రెండు సగాలూ బాంబులా విడిపోతాయి. ముందు పిన్ను తీసి, గాలి పూర్తిగా పోయిందని టైరుని చేత్తో నొక్కి చూసుకున్నాకే స్పానర్ పెట్టండి. ఏ బోల్టులు ఇరుసువి, ఏవి రిమ్మువి అనేది ముందే గుర్తుపట్టండి.

చక్రం బిగించి, దిమ్మ తీసి, మెషిన్ని కిందికి దించాక ప్రెషర్ ఒకసారి చూసి ఆ అంకె, తేదీ రిమ్ము మీద మార్కర్‌తో రాసి పెట్టుకోండి. మర్నాడు పొద్దున, టైరు వేడెక్కక ముందే, మళ్లీ కొలవండి. అర పీఎస్ఐ తేడా గేజ్‌ది అయి ఉండొచ్చు, పెట్టి తీసేటప్పుడు కూడా కాస్త గాలి పోతుంది. రెండు పీఎస్ఐ తగ్గితే మాత్రం ఇంకా ఎక్కడో కారుతోంది, సబ్బు నీళ్ల గిన్నె మళ్లీ తీయాల్సిందే. మళ్లీ నెలల తరబడి పక్కన పెట్టబోతుంటే గాలి సరిగా నింపి, ఇరుసు కింద దిమ్మలు పెట్టి టైర్ల మీద బరువు లేకుండా చేసి, ఎండ పడని చోట ఉంచండి.